అరకు సీజనుకు ముందు గది, ఆ తర్వాతే పని

మా ఊరు శృంగవరపుకోటకు, అంటే ఎస్.కోటకు, ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వినాయక చవితి వెళ్లి దసరా దగ్గరపడుతున్నదంటే చాలు, ఎస్.కోట బస్టాండులో అరకు బస్సు కోసం బ్యాగులు, చుట్టిన దుప్పట్లు పట్టుకుని నిలబడిన పిల్లలు కనిపిస్తారు. ఫలానావారి అమ్మాయి ఏమైందని ఎవరైనా అడిగితే ‘కొండెక్కింది’ అని చెబుతారు. దీపం ఆరినప్పుడు అనే మాటను ఆడపిల్ల గురించి అనకూడదని మా నాయనమ్మ ఇప్పటికీ కసురుతుంది గాని, అరకులో పర్యాటకుల సీజను పనికి వెళ్లడానికి మా వైపు మరో మాట లేదు. నేను మూడు సీజన్లు కొండెక్కాను. వచ్చేది నాలుగోది.

ఈ మూడేళ్లలో మా ఊరి నుంచే కాక వేపాడ, జామి, బొబ్బిలి వైపు నుంచి కూడా కొందరు అమ్మాయిలు ఫోను చేసి, అరకులో పని ఎక్కడ దొరుకుతుందని అడిగారు. పని సంగతి తర్వాత, ముందు గది చూసుకోండి అని అందరికీ చెప్పాను. దాదాపు ఎవరూ వినలేదు. గది, తిండి యజమానే ఇస్తానన్నాడు కదా, ఇంకా అద్దె ఎందుకు దండగ అన్నారు. మొదటి ఏడాది మా ఇంట్లో వేసిన లెక్క కూడా అచ్చం అదే.

అప్పటికి డిగ్రీ పూర్తయి, ఎస్.కోటలో ఒక మొబైల్ దుకాణంలో నెలకు 6,000 రూపాయలకు కూర్చునేదాన్ని. మా పెదనాన్నగారి అబ్బాయి టూరిస్టు కారు నడుపుతాడు. తనకు తెలిసిన ఒక రిసార్టులో హౌస్‌కీపింగుకు మనుషులు కావాలన్నారని, జీతం 11,000 అని, గదీ తిండీ వారిదేనని అన్నయ్య చెప్పాడు. గది వారిదే అన్న మాట వినగానే మా అమ్మ మనసు కుదుటపడింది. ఆడపిల్ల ఎక్కడో పరాయి ఇంట్లో అద్దెకు ఉండనక్కర లేదు, యజమాని కళ్లెదుటే ఉంటుందని ఆమె ధైర్యం. ఆ కళ్లెదుట ఉండడంలోనే చిక్కు ఉందని మాకెవరికీ తట్టలేదు.

ఆ గది వంటశాల వెనక ఉండేది. ఒక గోడకు ఉల్లిపాయల బస్తాలు, మరో గోడకు ఖాళీ గ్యాస్ సిలిండర్లు, వాటి మధ్య మేము నలుగురం. తలుపుకు లోపల గడియ ఉండేది గాని, బయటి తాళానికి రెండో చెవి మేనేజరు దగ్గర వేలాడేది. పనివేళలు ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకని చెప్పి తీసుకున్నా, రాత్రి పదకొండున్నరకు కోల్‌కతా నుంచి వచ్చిన బృందం దిగిందంటే దుప్పట్లు మార్చడానికి మా తలుపే తట్టేవారు. అక్కడే ఉన్నాం కాబట్టి రాలేమని చెప్పడానికి ఉండేది కాదు. పైగా సీజను మధ్యలో వేరే చోటికి పోకుండా పదిహేను రోజుల జీతం అట్టిపెట్టుకునేవారు. దాన్ని హోల్డు అంటారు. కొండ మీద చాలాచోట్ల ఈ అలవాటు ఉన్నది.

సంక్రాంతి రద్దీ తగ్గిన మూడో రోజు మధ్యాహ్నం మేనేజరు మమ్మల్ని పిలిచి, రేపటి నుంచి మనుషులు అవసరం లేదని, సాయంత్రానికి గది ఖాళీ చేయమని చెప్పాడు. హోల్డు డబ్బు సంగతి అడిగితే వచ్చే వారం ఫోను చేయమన్నాడు. ఆ రాత్రి ఉండడానికి కొండ మీద మాకు జానెడు చోటు లేదు. ఆఖరి బస్సు పట్టుకుని ఎస్.కోటలో దిగేసరికి మా నాన్నగారు స్టాండులో చలికి తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత రెండు నెలల్లో మూడుసార్లు ఎక్కి దిగితే, బస్సు ఖర్చులు, పోయిన రోజులు లెక్క తీసేయగా నా చేతికి దక్కింది ఆ పదిహేను రోజుల జీతంలో సగానికి తక్కువే. అదే కొండ మీద ఒక గది ఉండి ఉంటే రోజూ ఉదయం వెళ్లి కౌంటరు ముందు నిలబడేదాన్ని. పర్యాటకుల ఎదుట పనిమనిషి జీతం అడుగుతూ నిలబడితే ఏ యజమానీ మూడు రోజులు ఓపిక పట్టలేడు. కూడూ నీడా ఒకే చేతిలో పెడితే ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న పూట రెండూ ఒకేసారి పోతాయని ఆ జనవరిలో తెలిసింది.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం నెల జీతాన్ని తర్వాతి నెల ఏడో తేదీ లోపల ఇవ్వాలి. పని మానినా, మాన్పించినా, రావలసిన జీతం మొత్తం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ మాట తెలిసి ఉండడం మంచిదే. అయితే ఆ రెండు రోజులూ అక్కడే ఉండి అడగగలిగినవారికే అది అక్కరకు వస్తుంది. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పటి నుంచి అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. మన ఆధార్ కార్డు మీద విజయనగరం జిల్లా అని ఉన్నా, పని అక్కడిది కాబట్టి జిల్లా స్థాయిలో చెప్పుకోవాలంటే ఆ జిల్లా కేంద్రమైన పాడేరు పోవలసిందే. ఎస్.కోట నుంచి పాడేరు పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే.

ఇక సీజను తీరు. దసరా సెలవులకు బెంగాలీలు కుటుంబాలతో దిగుతారు, వారికి చేపా అన్నమూ వేళకు పడాలి. ఆ తర్వాత కార్తీకమాసపు వనభోజనాలకు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి బస్సులకు బస్సులు వస్తాయి గాని, వారు ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు కాబట్టి గదుల పని పెరగదు, హోటళ్లకూ బొంగు చికెన్ బళ్లకూ మాత్రం ఊపిరాడదు. అసలైన తాకిడి డిసెంబరు 20 నుంచి సంక్రాంతి వరకు. ఆ నెల రోజులకు మనుషులు చాలక యజమానులే రోడ్డు మీద నిలబడి అడుగుతారు. పని వెతకడం పెద్ద విషయం కాదని నేను అనేది అందుకే. బస్సు దిగి ప్రధాన రోడ్డు వెంట మ్యూజియం దాకా నడిచినవారికి సాయంత్రానికి ఏదో ఒక పని దొరుకుతుంది.

గది అలా దొరకదు. ఆగస్టులో నెలకు 4,000 అడిగే గదిలో రెండు మంచాలు, ఒక గీజరు పెట్టి హోమ్‌స్టే అని బోర్డు కడితే, డిసెంబరు ఆఖరి వారంలో రెండు మూడు రాత్రుల్లోనే ఆ నెల అద్దె వచ్చేస్తుంది. కాబట్టి నవంబరు వచ్చాక గది కోసం తిరిగేవారికి దొరికేవి పర్యాటకులు ఉండలేనివి మాత్రమే, అంటే నీళ్లు లేనివో, కప్పు కారేవో, రోడ్డుకు మరీ దూరమైనవో. గది వెతకవలసినది ఆగస్టు చివర, పట్టుకోవలసినది సెప్టెంబరు ఒకటో తేదీన. పని లేని సెప్టెంబరుకు కూడా అద్దె కట్టాలా అని మా అమ్మ గొణిగింది. కట్టాలి. ఆ ఒక్క నెల అద్దెకు భయపడినవారు డిసెంబరులో మళ్లీ వంటశాల వెనక గదికే చేరుతారు.

ఎవరిని అడగాలన్నది నాకు రెండో ఏడాదికి గాని తెలియలేదు. ఆటోవాళ్లను అడిగితే లాడ్జీలకు తీసుకుపోతారు, వారికి కమిషను ముడుతుంది. అడగవలసినది టీచర్లను, నర్సులను. వారు ఏడాది పొడుగునా అద్దెకు ఉండేవారు, వేసవి బదిలీల్లో ఎవరు వెళ్లిపోయారో, ఏ ఇంట్లో గది ఖాళీగా ఉందో, ఏ ఇంటావిడ నోరు మంచిదో వారికి తెలుస్తుంది. మా గది అలాగే దొరికింది. ఎస్.కోట నుంచి వెళ్లి అక్కడ పనిచేస్తున్న ఒక నర్సమ్మగారు, తన పక్క వీధిలో మాస్టారు ఖాళీ చేసిన గది ఉందని చెప్పి, తానే వెంట వచ్చి మాట్లాడిపెట్టారు.

ఆ ఇల్లు ఒక ఆదివాసీ అప్పది, అప్ప అంటే మా వైపు అక్క. అరకు ఏజెన్సీ ప్రాంతం కాబట్టి అక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయించడానికి వీల్లేదు. 1959 నాటి నిబంధనను 1970లో సవరించి గట్టి చేసిన దాన్నే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. మేము ఎక్కి దిగే రోడ్డు పక్కనున్న అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద వేసిన వ్యాజ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు గిరిజనేతరులకు అలాంటి లీజులు చెల్లవంటూ సమత తీర్పు ఇచ్చింది. కింది నుంచి వెళ్లినవారు ఈ సంగతి తెలుసుకుని మసలుకోవాలి. అక్కడ మేము అద్దెకున్నవారమే గాని మరొకటి కాలేము, ఇంటివారి మాటే మాకు ఆధారం. మా గదికి అద్దె కాగితమంటూ ఏదీ లేదు. అప్ప గుమ్మంలో కూర్చుని చెప్పిన మాటలే ఒప్పందం.

“నీల్లు మీరే మోసుకోవాలమ్మా. రాత్రి పదయ్యాక గోల ఉండకూడదు. మగోల్లెవులూ రాకూడదు. అద్దె మాత్రం ఒకటో తారీకు ఇచ్చియ్యాలి.”

“డిసెంబరులో టూరిస్టులకి ఇస్తానని మమ్మల్ని పొమ్మనరు కదా అప్పా?” అని నేను అడిగాను. అడగవలసిన అసలు ప్రశ్న అదొక్కటే.

ఆమె నవ్వింది. “పట్నపోల్లు రెండ్రోజులుంటారు, పక్క బట్టలన్నీ నాసినం సేసి పోతారు. నాను ఉతకలేను తల్లీ. మీరుండండి.”

నలుగురం చేరాం. ఒకరిది పాలకొండ, ఒకరిది ఆమదాలవలస, ఒకరిది సాలూరు. నలుగురిలో ఇద్దరి పేరూ ఒకటే కావడంతో గదిలో ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. రెండు సీజన్లు కలిసి ఉన్నాక ఇప్పటికీ నా ఫోనులో వారు పాలకొండ, ఆమదాలవలస, సాలూరు అనే ఉన్నారు. తలకు 1,000 చొప్పున, సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఒక్కొక్కరికీ 5,000 అయింది. గది అక్కరలేదని చెప్పినందుకు నాకు రెండో ఏడాది వేరొక హోటల్లో జీతం 13,000 కుదిరింది. అక్టోబరు నుంచి నాలుగు నెలలకు 8,000 ఎక్కువ వచ్చినట్టు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక గాని మా అమ్మ గొణుగుడు ఆగలేదు.

గది పది అడుగులకు పన్నెండు. పైన సిమెంటు రేకులు, ఒక బల్బు, ఒకే ఒక ప్లగ్గు. నాలుగు ఫోన్లు, ఒక రైస్ కుక్కరు, నీళ్లు కాచుకునే హీటరు రాడ్డు, అన్నీ ఆ ఒక్క ప్లగ్గు మీదే బతకాలి. అరకు 900 మీటర్లకు పైన ఉంటుంది, డిసెంబరు తెల్లవారుజామున బకెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అందుచేత గదిలో మొదటి తగాదా కూరల మీద రాలేదు, బియ్యం మీద రాలేదు, రాడ్డు మీద వచ్చింది. ఒకనాడు ఆమదాలవలస నిద్రమత్తులో కుక్కరూ రాడ్డూ జంక్షను బాక్సుకు ఒకేసారి పెట్టి స్విచ్చి వేసింది. మా గదితోపాటు అప్ప ఇల్లంతా చీకటైంది. ఆ రోజు ఆమె మనవరాలికి పరీక్ష. చీకట్లో ఆ పిల్ల పుస్తకం పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చి ఏమీ అనకుండా నిలబడింది. ఆ సిగ్గు మమ్మల్ని వారం రోజులు వదలలేదు. ఆ సాయంత్రమే గోడ మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీసి, ఎవరి డ్యూటీ ఎన్నింటికి మొదలవుతుందో దాన్ని బట్టి రాడ్డు వరస రాసుకున్నాం. ఖర్చులు కూడా అందులోకే ఎక్కాయి. నూనె ఎవరు తెచ్చారు, గ్యాసుకు ఎవరు ఇచ్చారు, ఎవరు ఎవరికి ఎంత ఫోన్‌పే చేయాలి, అన్నీ అందులోనే. బియ్యం మాత్రం ఎవరి ఇంటి నుంచి వారు తెచ్చుకునేవాళ్లం, సాలూరు చోడిపిండి, అంటే రాగిపిండి, కూడా తెచ్చేది. పొద్దున్నే వేడి చోడి అంబలి ఒక గ్లాసు పడితే హోటల్లో పదింటికి పెట్టే ఉప్మా దాకా కడుపు ఆగేది.

హౌస్‌కీపింగ్ పని తేలికనుకుని వెళ్లేవారికి ఒక మాట చెప్పాలి. గదులు ఊడ్చడం, మంచాలు సర్దడం పెద్ద కష్టం కాదు. ఆ మంచులో బట్ట ఆరకపోవడమే కష్టం. డాబా మీద ఆరవేసిన దుప్పటి ఉదయం పదకొండు దాకా తడుస్తూనే ఉంటుంది గాని ఆరదు; ఎండ తగిలేది మూడు నాలుగు గంటలు, అంతలో మళ్లీ పొగమంచు దిగుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు పాతవారు ఖాళీ చేస్తే ఒంటిగంటకు కొత్తవారు వచ్చి నిలబడతారు. సగం ఆరిన దుప్పటిని చెంపకు ఆనించి తడి చూడడం మా మేస్త్రమ్మ నేర్పింది. అరచేతికి తెలియని తడి చెంపకు తెలుస్తుంది. తడి ఉంటే ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఆవిరి పోయేదాకా నొక్కాలి. రోజుకు ముప్ఫై దుప్పట్లు అలా నొక్కి వచ్చాక, రాత్రి మన గదికి వచ్చి మన తలుపు మనమే వేసుకుని పడుకోవడంలో ఉన్న సుఖం ఉల్లిపాయ బస్తాల మధ్య పడుకున్నవారికి తెలుస్తుంది.

మూడో ఏడాది బొంగు చికెన్ బండి దగ్గర కౌంటరులో కూర్చున్నాను. అక్కడ రోజు కూలి, హోల్డు లేదు, రాత్రి లెక్క రాత్రికే తేలిపోతుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి అడ్డాకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చేవారు చేయి తిరిగిన అక్కడివారే. మనకు దొరికేది డబ్బు లెక్క, ప్లేట్లు అందించడం. పొగకు కళ్లు మండుతాయి తప్ప నాకు ఆ పనే బాగుంది. గది నాదే కాబట్టి నెల మధ్యలో హోటలు మాని బండికి మారగలిగాను. యజమాని గదిలో ఉన్నవారికి పని మారడమంటే మూట కట్టుకోవడమే.

మరో రెండు సంగతులు ఉన్నాయి. ఘాట్‌రోడ్డు మీద గంజాయి తనిఖీలు ఎక్కువ. దిగేటప్పుడు ఎస్.కోట దాకా ఈ సంచి తీసుకుపో చెల్లెమ్మా, మా వాళ్లు వచ్చి తీసుకుంటారు అని ఎవరైనా బతిమాలితే, వారు ఎంత తెలిసినవారైనా ముట్టుకోవద్దు. గంజాయి 20 కిలోలు దాటి దొరికితే శిక్ష కనీసం పదేళ్లు. ఆధార్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి, ఇంటివారికి నకలు ఒకటి వారు అడగకముందే మీరే ఇవ్వండి. రెండోది, ఆడపిల్లలకు ప్రత్యేకంగా. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతుంది, అంతకన్నా తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. నేను పనిచేసిన చోట్ల ఆ కమిటీ ఊసు ఎత్తినవారు లేరు. కనుక పనిలో చేరేముందు నేను వేసే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, రాత్రి పని ఆలస్యమైతే గది దాకా ఎవరు దింపుతారని అడుగుతాను. ఆ ప్రశ్నకు విసుక్కున్న చోట చేరలేదు.

ఈ జులై ఆఖరులో అప్ప ఫోను చేసింది. “ఏటమ్మా, వస్తారా రారా? మాస్టారొకాయన అడుగుతున్నాడు. ఏడాదంతా ఉంటాడంట. నానింకా మాటివ్వలేదు” అన్నది. ఏడాదంతా అద్దె వచ్చే మనిషిని ఆపి మా కోసం అడిగిందంటే ఏమనాలో తోచలేదు. సెప్టెంబరు ఒకటికి వస్తున్నామని చెప్పి, వెంటనే 1,000 పంపాను. ఆమదాలవలస, సాలూరు కూడా పంపారు. పాలకొండకు మాఘమాసంలో పెళ్లయింది, ఆమె రాదు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. ఎస్.కోట వైపు నుంచి ఎవరైనా రాదలచుకుంటే ఆగస్టు ముగిసేలోపల చెప్పాలి. రెండు దుప్పట్లు, నెలకు సరిపడా బియ్యం తెచ్చుకోవాలి. రాడ్డు వరసలో పాలకొండది తెల్లవారుజామున అయిదుంబావు, ఇక అది కొత్తగా వచ్చేవారిది.